ముందు మీ స్టాపర్ పరుగు చూడండి

ఈ నెల ఉత్తరాల్లో ఫుట్‌బాల్‌వే ఎక్కువ వచ్చాయి. మాకు ఏ స్టైల్ ఆట సరిపోతుంది అనేదే దాదాపు అందరి ప్రశ్న. గాజువాక కెప్టెన్ రాసిన ఉత్తరం వివరంగా ఉంది కాబట్టి దాంతో మొదలుపెడదాం. మిగతావాటికి చోటు ఉన్నంతవరకు.

ప్రశ్న: సార్ నమస్తే. మాది గాజువాకలో కుర్రాళ్ల టీమ్. కొందరం కాలేజీ, కొందరు స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్టు పని, షిఫ్టులు. వారానికి రెండు సాయంత్రాలు డబ్బులేసుకుని టర్ఫ్ బుక్ చేసి ప్రాక్టీస్ చేస్తాం. 4-3-3 ఆడతాం, అంటే వెనక నలుగురు, మధ్యలో ముగ్గురు, ముందు ముగ్గురు. గోలీ దగ్గర్నుంచి చిన్న పాసులతోనే బయటికి రావాలని రూలు పెట్టుకున్నాం. టర్ఫ్ మీద బ్రహ్మాండంగా కుదురుతోంది. టోర్నమెంట్‌కి పెద్ద గ్రౌండ్‌కి వెళ్తే మాత్రం మా గోల్ ముందు బాక్స్ దగ్గరే బంతి పోగొట్టుకుని గోల్స్ తింటున్నాం. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది మీ ఆట అని సీనియర్లు ఎగతాళి చేస్తున్నారు. 4-2-3-1కి మారదామని కొందరు, 3-5-2 అని కొందరు, వాట్సాప్ గ్రూపులో రోజూ గొడవే. డిఫెన్స్ మధ్యలో ఆడే మా స్టాపర్ అన్నకి 34 ఏళ్లు, హెడ్డింగ్‌లో తిరుగులేదు గానీ స్పీడ్ తక్కువ. సైడ్‌ల్లో ఆడే వింగర్లిద్దరూ బాగా ఫాస్ట్. గోలీ చేతులు సూపర్, కాలితో ఆడమంటే టెన్షన్ పడతాడు. ఏ ఫార్మేషన్ పెట్టుకోమంటారు? (ఒక కెప్టెన్, గాజువాక)

జవాబు: తమ్ముడూ, నీ ప్రశ్నకి జవాబు నీ ఉత్తరం చివర్లోనే ఉంది. స్టాపర్ స్లో, వింగర్లు ఫాస్ట్, గోలీకి కాళ్లతో భయం. ఈ మూడూ తెలిశాక ఏ కోచ్ అయినా గోలీ దగ్గర్నుంచి చిన్న పాసులు ఆడమని చెప్పడు. మీరు మీ టీమ్‌ని చూసుకుని కాకుండా టీవీలో టీమ్‌ని చూసి ఆట ఎంచుకున్నారు, అంతే తేడా.

ఫార్మేషన్ నంబర్ల గొడవ కాసేపు పక్కన పెట్టండి. నంబర్ వేరు, స్టైల్ వేరు. అరిగో సాకీ కోచ్‌గా ఉన్న ఇటలీ క్లబ్ ఏసీ మిలాన్ 1989, 1990లో వరసగా రెండుసార్లు యూరోపియన్ కప్ (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) గెలిచింది. ఆడింది 4-4-2. డిఫెన్స్ లైన్‌ని బాగా ముందుకు జరిపి, టీమంతా దగ్గర దగ్గరగా నిలబడి, ప్రత్యర్థికి ఊపిరి తీసుకునే చోటు లేకుండా మీద పడేవాళ్లు. 2015-16లో రానియేరి కోచింగ్‌లో లెస్టర్ సిటీ ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ గెలిచింది, వాళ్లదీ 4-4-2యే. కానీ వాళ్లు వెనక కూర్చుని, బంతి మీరే ఉంచుకోండి బాబూ అని వదిలేసి, దొరికిన క్షణంలో ఫార్వర్డ్ వార్డీ పరుగు మీదకి ఒక్క పాసు వేసేవాళ్లు. ఆ సీజన్‌లో వార్డీ 24 గోల్స్, వింగర్ మారెజ్ 17. నంబర్ ఒకటే, ఆటలు మాత్రం తూర్పు పడమర. అందుకే 4-2-3-1 అని ఒకడూ 3-5-2 అని ఒకడూ కొట్టుకోవడం వల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

స్టైల్ ఎంచుకునేటప్పుడు అందరూ తమ బెస్ట్ ఫార్వర్డ్‌ని చూస్తారు. నేనైతే ముందు స్టాపర్‌ని చూడమంటాను, అందులోనూ ఇద్దరిలో స్లోగా ఉన్నవాణ్ని. ఎందుకంటే, ముందుకెళ్లి ప్రెస్ చేయాలంటే, అంటే ఎదుటివాళ్ల హాఫ్‌లోనే బంతి కోసం మీద పడాలంటే, డిఫెన్స్ లైన్ కూడా దాదాపు సెంటర్ లైన్ దాకా రావాలి. లేకపోతే ఫార్వర్డ్‌లకీ డిఫెన్స్‌కీ మధ్య పెద్ద మైదానమే మిగులుతుంది, అక్కడ ప్రత్యర్థి మిడ్‌ఫీల్డర్ హాయిగా తిరుగుతాడు. లైన్ ముందుకొచ్చిందీ అంటే మీ స్టాపర్ వెనక నలభై మీటర్ల ఖాళీ. అవతలివాడు పైనుంచి ఒక్క బంతి వేస్తే అది పరుగుపందెమే, అందులో మీ అన్న హెడ్డింగ్ ఏమీ పనికిరాదు. ఆ ఖాళీని కాపాడాలంటే గోలీ బాక్స్ దాటి వచ్చి కాలితో క్లియర్ చేయాలి. మీ గోలీకి భయం అక్కడే కదా.

నమ్మకం కుదరకపోతే ఈ ఆదివారం చిన్న పరీక్ష పెట్టండి. సెంటర్ లైన్ దగ్గర స్టాపర్ అన్ననీ, మీ వింగర్నీ పక్కపక్కన నిలబెట్టండి. అన్న ముఖం ముందుకి, వింగర్ ముఖం మీ గోల్ వైపు, మ్యాచ్‌లో ఉండేది అలాగే కదా. ఒకరు బంతిని గోల్ వైపు పైనుంచి వేయాలి. అన్న వెనక్కి తిరిగి పరిగెత్తాలి. బాక్స్ చేరేసరికి ఇద్దరి మధ్య ఎంత దూరం ఉందో చూడండి. ఒక అడుగు, రెండడుగులు అయితే సర్దుకోవచ్చు. నాలుగైదు మీటర్లు ఉందంటే మీ టీమ్ ముందుకెళ్లి ప్రెస్ చేసే టీమ్ కాదు, వాట్సాప్‌లో ఓటింగ్ అక్కర్లేదు. ఆ పరీక్ష అన్నని అవమానించడానికన్నట్టు కాకుండా చూసుకో, ముందే ఆయనకి విషయం చెప్పు. 34 ఏళ్ల మనిషి షిఫ్టు దిగి ప్రాక్టీస్‌కి వస్తున్నాడంటే అదే గొప్ప.

రెండో సంగతి టర్ఫ్. ఈ మధ్య వైజాగ్‌లో ఎటు చూసినా టర్ఫ్‌లే, మంచిదే, కుర్రాళ్లు బంతి ముట్టుకుంటున్నారు. కానీ టర్ఫ్ మీద బంతి నున్నగా దొర్లుతుంది, చుట్టూ నెట్ ఉంటుంది, పాసు ఇవ్వాల్సినవాడు పది అడుగుల్లో ఉంటాడు. అలవాటైన కాలికి అన్నీ కుదురుతున్నట్టే ఉంటుంది. పెద్ద గ్రౌండ్ వంద మీటర్ల పొడవు, మన దగ్గర చాలా గ్రౌండ్లు ఎర్రమట్టి, మధ్యలో గడ్డి దుబ్బులు, పైన సన్న గులకరాళ్లు. గోలీ మెల్లగా పక్కకి ఇచ్చిన పాసు బ్యాక్ దగ్గరికి వచ్చేసరికి మూడు గెంతులు గెంతి మోకాలి ఎత్తున వస్తుంది. వాడు దాన్ని ఆపడానికి రెండు టచ్‌లు, ఈలోపు ఎదుటి ఫార్వర్డ్ మీదకొచ్చేశాడు. తప్పు బ్యాక్‌ది కాదు, ఆ నేల మీద ఆ పాసు ఇవ్వమన్నవాళ్లది. పెద్ద టీమ్‌లు అలా ఆడుతున్నాయంటే కార్పెట్ లాంటి గడ్డి, రోజూ ప్రాక్టీస్, కాలితో మిడ్‌ఫీల్డర్‌లా ఆడే గోలీ, ఇవన్నీ ఉండబట్టి. 2019లో గోల్ కిక్ (బంతి గోల్ గీత దాటిపోయాక గోలీ మళ్లీ ఆటలోకి తన్నేది) నిబంధన కూడా మారింది. ఇప్పుడు బంతి బాక్స్ దాటకముందే మనవాడు అందుకోవచ్చు. అప్పట్నుంచి టీవీలో చాలామంది గోలీలు చిన్న పాసు ఇస్తున్నారు. అందుకోవచ్చు అన్నారే గానీ అందుకోవాలి అనలేదు.

ఇక ఉక్కపోత. ప్రెస్సింగ్ అంటే బంతి పోయిన ఐదారు సెకన్లలో ముగ్గురు నలుగురు ఒక్కసారే మీద పడాలి, అలా మ్యాచ్ మొత్తం పడుతూనే ఉండాలి. ఒక్కడే పరిగెత్తి మిగతావాళ్లు చూస్తుంటే అది ప్రెస్సింగ్ కాదు, ఎదుటివాడికి దారి చూపించడం. మన ఊళ్లో ఏప్రిల్ మధ్యాహ్నం మూడున్నరకి మ్యాచ్ పెడితే ఒళ్లంతా చెమటే గానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఇరవై నిమిషాలకి మీ ఫార్వర్డ్‌లు నడుస్తుంటారు, లైన్ మాత్రం ఇంకా ముందే ఉంటుంది. గోల్స్ పడేది సరిగ్గా అప్పుడే.

మరి ఏం ఆడాలి? వెనక కూర్చోమని చెప్పను, అది మరీ పిరికి సలహా అవుతుంది, మీ వింగర్లకి అన్యాయం కూడా. సెంటర్ లైన్ దగ్గర్నుంచి అడ్డుకోవడం మొదలుపెట్టండి. ఎదుటి స్టాపర్లు వాళ్లలో వాళ్లు పాసులు ఇచ్చుకుంటుంటే ఇచ్చుకోనివ్వండి, అక్కడ వాళ్ల దగ్గర బంతి ఉంటే మీకు పోయేదేం లేదు. నలుగురు డిఫెన్స్, వాళ్లకి పది పన్నెండు మీటర్ల ముందు నలుగురు మిడ్‌ఫీల్డ్, మధ్యలో సందు లేకుండా. ఇద్దరు ఫార్వర్డ్‌లు మధ్య దారి మూసి బంతిని సైడ్‌కి పంపేలా నిలబడాలి. బంతి టచ్‌లైన్ దగ్గరికి వెళ్లగానే, అవతలి బ్యాక్ మన వైపు కాకుండా తన గోల్ వైపు తిరిగి ఉన్నా, మొదటి టచ్ కాలికి దూరంగా పోయినా, అదే సైగ. అప్పుడు ముగ్గురు ఒక్కసారి వెళ్లాలి. మిగిలిన వైపు గీత ఎలాగూ కాపలా కాస్తుంది.

బంతి దొరికాక మొదటి పాసు ఎప్పుడూ ముందుకే, వింగర్ కాలికి కాదు, వాడి పరుగుకి ముందు ఖాళీలోకి. మీరు ప్రాక్టీస్ చేయాల్సింది ఈ ఒక్క పాసు. టర్ఫ్ మీద ఇది రాదు, అక్కడ అంత ఖాళీ ఉండదు. వారానికి ఒక సాయంత్రం టర్ఫ్ మానేసి ఏదైనా స్కూలు గ్రౌండ్ అడగండి. ఖర్చు కూడా తగ్గుతుంది. గోల్ కిక్ పొడుగ్గానే కొట్టండి, కానీ మధ్యలోకి కాదు, ఒక సైడ్‌కి. మీ అన్నని కార్నర్‌లకి, ఫ్రీ కిక్‌లకి ముందుకు పంపండి, ఆ హెడ్డింగ్ పనికొచ్చేది అక్కడే. ఆ రెండు నిమిషాలు వెనక ఖాళీని ఒక ఫాస్ట్ వింగర్ కాస్తాడు.

చిన్న పాసులు పూర్తిగా మానేయమని కాదు. ఎదుటి హాఫ్‌లో ఆడుకోండి, అక్కడ పోయినా వెంటనే గోల్ పడదు.

సీనియర్ల ఎగతాళి గురించి రాశావు కాబట్టి ఒక మాట. మన హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం గారి సంగతి చదివే ఉంటావు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మనవాళ్లు 10-1తో ఓడారు, చాలామంది బూట్లు లేకుండా ఆడారు. నాలుగేళ్లకి అదే కోచ్ మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో టీమ్‌ని నాలుగో స్థానానికి తీసుకెళ్లారు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. తర్వాత మ్యాచ్‌లో జర్నైల్ సింగ్ తలకి గాయమై కుట్లు పడ్డాయి. ఆయన ఎవరు? స్టాపర్. ఆ పరిస్థితిలో డిఫెన్స్‌లో హెడ్డింగ్‌లకి పనికిరాడని రహీం గారు ఆయన్ని పూర్తిగా పక్కన పెట్టలేదు, సెంటర్ ఫార్వర్డ్‌గా పంపారు. సెమీస్‌లో గోల్ కొట్టాడు, ఫైనల్లో అదే కొరియా మీద ఇంకోటి. 2-1, బంగారు పతకం. చేతిలో ఎవరున్నారో, ఏ స్థితిలో ఉన్నారో చూసుకుని ఆట మార్చారు గానీ, మా పద్ధతి ఇదీ అని భీష్మించుకు కూర్చోలేదు.

ప్రశ్న: మా టీమ్ ఒక గోల్ కొట్టాక అందరం వెనక్కి వచ్చేసి డిఫెన్స్ ఆడతాం. గెలుస్తున్నాం. కానీ చూసేవాళ్లు బస్సు అడ్డం పెట్టారని కేకలేస్తున్నారు. మాకే సిగ్గుగా ఉంటోంది. (కంచరపాలెం)

జవాబు: సిగ్గెందుకు? 2004 యూరో కప్‌లో గ్రీస్ క్వార్టర్స్‌లో ఫ్రాన్స్‌ని, సెమీస్‌లో చెక్ రిపబ్లిక్‌ని, ఫైనల్లో పోర్చుగల్‌ని వాళ్ల గడ్డ మీదే ఓడించింది. మూడూ 1-0యే. మూడు గోల్సూ హెడ్డర్లే, అందులో రెండు కార్నర్ కిక్‌ల నుంచి. అప్పుడు కూడా ఆట చచ్చిపోయిందని చాలామంది మొత్తుకున్నారు. కప్పు మాత్రం ఏథెన్స్‌కే వెళ్లింది.

అయితే నీ ఉత్తరంలో నాకు నచ్చనిది ఒకటుంది. "అందరం" అన్నావు. అందరూ వెనక్కి రాకూడదు. పదకొండు మందీ బాక్స్‌లో ఉంటే క్లియర్ చేసిన ప్రతి బంతీ మళ్లీ వాళ్ల దగ్గరికే పోతుంది, గోడకి కొట్టినట్టే. మీకు ఊపిరి తీసుకునే టైమే ఉండదు. ఒక ఫార్వర్డ్‌ని సెంటర్ లైన్ దగ్గర వదిలేయండి. వాడు గోల్ కొట్టకపోయినా ఫరవాలేదు. వాడి కోసం ఎదుటివాళ్లు ఇద్దరిని వెనక ఉంచాలి, అంటే మీ మీదకి వచ్చేవాళ్లు ఇద్దరు తగ్గినట్టే. బంతి వాడి దగ్గరికి వెళ్తే కార్నర్ ఫ్లాగ్ వైపు తీసుకెళ్లి ఫౌలో త్రో ఇన్నో సంపాదిస్తే చాలు.

ఇంకోటి, గోల్ ఎప్పుడు కొట్టారన్నది చూసుకోండి. పదో నిమిషంలో కొట్టి మిగతా మ్యాచ్ అంతా వెనక కూర్చోవడం వేరు, చివరి పావుగంట కూర్చోవడం వేరు. మొదటిది గ్రీస్ లాంటి టీమ్‌కే కష్టం.

ప్రశ్న: నేను భీమిలి దగ్గర హైస్కూల్లో పీఈటీ టీచర్‌ని. అండర్-14 అమ్మాయిల టీమ్ కొత్తగా పెట్టాం. సగం మంది బీచ్‌లో అన్నదమ్ములతో ఆడిన పిల్లలే. గ్రౌండ్‌లోకి రాగానే బంతిని గాల్లోకి లేపి తన్నడమే తప్ప కింద ఆడరు. పక్కనుంచి తల్లిదండ్రులు కొట్టు, కొట్టు అని అరుపులు. వీళ్లకి లాంగ్ బాల్ ఆటే ఖాయం చేయమంటారా?

జవాబు: మేడమ్ గారూ, ఈ వయసులో ఏ ఆటా ఖాయం చేయకండి. గాజువాక టీమ్‌కి చెప్పింది మీకు వర్తించదు. వాళ్లు పెద్దవాళ్లు, ఉన్నదాంతో గెలవాలి. మీ పిల్లలకి ఇంకా ఏం వస్తుందో ఎవరికీ తెలియదు. ఇవాళ పొడుగ్గా ఉందని స్టాపర్‌ని చేసిన అమ్మాయి రెండేళ్లలో అందరితో సమానం అయిపోతుంది, అప్పటికి డ్రిబ్లింగ్ నేర్చుకునే వయసు దాటిపోతుంది. ప్రతి మ్యాచ్‌కి స్థానాలు మార్చండి, గోలీని కూడా.

గాల్లోకి లేపడం వాళ్ల తప్పు కాదు. ఇసకలో బంతి దొర్లదు, లేపితేనే కదులుతుంది. బీచ్ సాకర్ ఆడేవాళ్లంతా చేసేది అదే. పైగా ఉత్త కాళ్లతో ఇసకలో ఆడిన పిల్లలకి చీలమండ బలం, బంతిని గాల్లోనే ఆపే నేర్పు మామూలుగా ఉండవు, మీకు అదృష్టం కొద్దీ దొరికారు. కింద ఆడించాలంటే తిట్టక్కర్లేదు, ఆట రూలు మార్చండి. చిన్న కోర్టు గీసి నలుగురేసి ఆడించి, మోకాలు దాటి లేచిన బంతి ఎదుటి టీమ్‌కి అనండి. వారంలో మార్పు కనిపిస్తుంది. రహీం గారు కూడా డ్రిబ్లింగ్ నిషేధించి మ్యాచ్‌లు ఆడించేవారు, ఒక్క టచ్‌లో పాసు ఇవ్వడం అలవాటు కావాలని. ఆయనా మీలాగే స్కూలు టీచర్‌గా పనిచేసినవారే.

తల్లిదండ్రుల సంగతి మీకే వదిలేస్తున్నా. ఆఫ్‌సైడ్ ఫ్లాగ్ పట్టుకునే డ్యూటీ వాళ్లకి ఇచ్చి చూడండి, అరుపులు కొంత తగ్గుతాయి.

ప్రశ్న: టాస్ గెలిస్తే సైడ్ తీసుకోవాలా, కిక్ ఆఫ్ తీసుకోవాలా? మా గ్రౌండ్ సముద్రానికి దగ్గర, సాయంత్రం గాలి గట్టిగా ఉంటుంది. (జాలరిపేట)

జవాబు: 2019కి ముందు ఈ ప్రశ్నే ఉండేది కాదు, టాస్ గెలిచినవాడు సైడ్ మాత్రమే ఎంచుకునేవాడు. ఇప్పుడు రెండిట్లో ఏదైనా అడగొచ్చు. మీకు మాత్రం సైడే. కిక్ ఆఫ్ విలువ ఒక్క పాసు, గాలి విలువ హాఫ్ మొత్తం.

ఏ వైపు అన్నది మ్యాచ్ టైమ్‌ని బట్టి. మూడున్నరకి మొదలైతే సముద్రపు గాలి మంచి జోరు మీద ఉంటుంది, చీకటి పడే వేళకి నెమ్మదిస్తుంది. అంచేత మొదటి హాఫ్‌లోనే గాలి మీ వెనక ఉండేలా తీసుకోండి, రెండో హాఫ్‌లో ఎదురుగాలి అంత బాధించదు. గాలి వెనకుంటే లాంగ్ బాల్ బాగా పోతుందని కొడుతూ కూర్చోవద్దు, అవన్నీ గోల్ కిక్‌లైపోతాయి. దూరం నుంచి షాట్లు కొట్టండి, కార్నర్‌లు లోపలికి తిప్పండి. ఎదురుగాలిలో బంతి కిందే ఉంచాలి, అప్పుడు నేల ఎంత పాడైనా తప్పదు.

ఒకటి చూసుకోండి, మన దగ్గర గాలి సముద్రం వైపు నుంచి, పొద్దువాలే ఎండ కొండల వైపు నుంచి. మొదటి హాఫ్‌లో గాలి మీ వెనక ఉందంటే ఎదురుగా ఉన్న ఆ ఎండ మీ గోలీ కళ్లలోనే పడుతుంది. టోపీ ఇవ్వండి, గోలీ టోపీ పెట్టుకోవచ్చని నిబంధనల్లోనే ఉంది, రిఫరీ కాదంటే చూపించండి.